లింకులు మా ఫోన్లోనూ ఉన్నాయి: అమెరికాలోని తెలుగు బయర్స్ ఏజెంట్లకు బహిరంగ లేఖ

అమెరికాలో మన కుటుంబాలకు ఇళ్లు వెతికిపెట్టే తెలుగు ఏజెంట్లందరికీ నమస్కారం.

మేము టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరం వైపు ఉంటాం. 2021లో మేము ఇల్లు కొన్నాం. 2025లో మా తమ్ముడు కొన్నాడు. రెండుసార్లూ తెలుగు ఏజెంట్లే దగ్గరుండి కొనిపించారు. రెండుసార్లూ వెతుకులాట మొదలైంది మాత్రం ఫోన్లోనే. పిల్లలు పడుకున్నాక మా ఆవిడా నేనూ చెరో ఫోన్ పట్టుకుని కూర్చుంటే అర్ధరాత్రి దాటిపోయేది. ఇళ్లు కొనిపించడం మీకు రోజువారీ పని. మాకు జీవితంలో ఒకసారో రెండుసార్లో వచ్చే పని, అదీ ముప్ఫై ఏళ్ల అప్పు నెత్తిన పెట్టుకుని. అందుకే ఈ ఉత్తరం.

నేను అడుగుతున్నది ఒక్కటే. లిస్టింగ్ (వెబ్‌సైట్లో పెట్టే ఇంటి అమ్మకం ప్రకటన) పంపి ఊరుకోకండి, దాన్ని మాతో కలిసి చదవండి. అందులో రాసింది మాకూ కనిపిస్తుంది. రాయనిది మీకు మాత్రమే తెలుస్తుంది.

2021 సంగతి ముందు చెబుతాను. మా ఏజెంట్ నుంచి రోజూ పొద్దున ఏడింటికి ఒక ఈమెయిల్ వచ్చేది, అందులో పదిహేను ఇరవై ఇళ్లు. మా కోసం ఆయన ఎంత శ్రమపడి ఏరుతున్నారో అనుకున్నాం. ఎన్ని బెడ్‌రూములు, ఎంత ధర, ఏ జిప్ కోడ్ అన్నవి ఎంఎల్ఎస్‌లో (అమ్మకానికి ఉన్న ఇళ్ల వివరాలు ఏజెంట్లు పంచుకునే డేటాబేస్) ఒకసారి పెట్టి సేవ్ చేస్తే ఆ ఈమెయిల్ దానంతట అదే వెళుతుందని చాలా రోజులకు గానీ తెలియలేదు. అది తప్పేమీ కాదు. కానీ ఆయన వాటిని తెరిచి చూసేవారు కాదు. మేము ఏ ఇల్లు నచ్చిందన్నా ఒకటే జవాబు: "చాలా బాగుందండీ, ఈ రోజే ఆఫర్ వేసేద్దాం." నాలుగు నెలల్లో పద్నాలుగు ఇళ్లు చూశాం. ఒక్క ఇంటి గురించి కూడా "ఇది మీకు వద్దు" అన్న మాట ఆయన నోట రాలేదు.

చివరికి కొన్న ఇంటి లిస్టింగులో ఆస్తి పన్ను చాలా తక్కువ చూపించింది. నెలవారీ చెల్లింపు ఎంతో కూడా ఆ వెబ్‌సైటే లెక్కకట్టి పెట్టింది. మేము దాన్నే నమ్మి బడ్జెట్ వేసుకున్నాం. రెండో ఏడాది లోన్ కంపెనీ నుంచి ఎస్క్రో (పన్నూ ఇన్సూరెన్సూ కట్టడానికి నెలనెలా మా దగ్గర తీసుకుని పక్కన పెట్టే ఖాతా) లెక్కల ఉత్తరం వచ్చింది. ఖాతాలో డబ్బు చాలలేదు, పాత లోటు కలిపి ఇక నుంచి నెలకు 600 డాలర్ల పైన ఎక్కువ కట్టాలని. మా ఆవిడ ఆ కాగితం చదివి చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడే మా చిన్నవాడి డేకేర్ ఫీజు కూడా పెరిగింది. ఆ ఏడాదంతా టెన్షన్‌తోనే గడిచింది.

ఏం జరిగిందంటే, మాకు అమ్మినవాళ్లు పెద్దవయసు దంపతులు. టెక్సస్‌లో 65 ఏళ్లు దాటినవారి సొంతింటికి స్కూల్ పన్ను, అంటే ఆస్తి పన్నులో స్కూళ్లకు వెళ్లే భాగం, ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. దానికి తోడు, ఎవరికైనా సరే సొంతంగా ఉండే ఇంటి పన్ను విలువ ఏడాదికి 10 శాతం కన్నా ఎక్కువ పెరగకూడదన్న హద్దు ఉంది. ఇల్లు చేతులు మారాక ఈ రెండు రక్షణలూ పాతవాళ్లతోనే పోతాయి. మరుసటి ఏడాది కౌంటీ ఆ ఇంటిని మార్కెట్ విలువకు తెచ్చి పన్ను వేస్తుంది. లిస్టింగులో మేము చూసింది ఆ దంపతుల పన్ను. మాకు పడబోయే పన్ను అందులో ఎక్కడా లేదు.

ఇది ఒక్క టెక్సస్ కథే కాదు. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రపోజిషన్ 13 వల్ల పన్ను విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు, ఇల్లు అమ్మితే మాత్రం కొత్త ధరకు మారుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఒకే చోట ఉన్నవాళ్ల ఇల్లు కొంటే, లిస్టింగులో కనిపించే పన్నుకూ మీ క్లయింటుకు పడే పన్నుకూ పొంతన ఉండదు. దీన్ని పట్టుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. కౌంటీ వెబ్‌సైట్లలో మార్కెట్ విలువ, పన్ను రేట్లు దొరుకుతాయి. రెంటినీ గుణిస్తే చాలు. కొత్త కాలనీల్లో అయితే మడ్ (MUD) పన్ను ఉందేమో, పిడ్ (PID) అసెస్‌మెంట్ ఉందేమో చూడాలి. నీళ్లకూ డ్రైనేజీకీ రోడ్లకూ తెచ్చిన అప్పు తీర్చడానికి వేసేవి అవి. పక్కపక్కనే ఉన్న రెండు కాలనీల్లో ఒకే ధర ఇళ్లకు పన్ను ఇంత తేడాగా ఉండడానికి చాలాసార్లు కారణం అదే. మీకు ఇది ఐదు నిమిషాల పని. మాకైతే అలాంటిది ఒకటి ఉందని కూడా తెలియదు.

ధర విషయం కూడా ఇంతే. ఇల్లు ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పాలన్న నిబంధన టెక్సస్‌లో లేదు. అందుకే పక్కింటివాళ్లు నిజంగా ఎంతకు కొన్నారో చాలా వెబ్‌సైట్లలో కనిపించదు. అయినా ప్రతి ఇంటి పక్కనా ఒక అంచనా విలువ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మనవాళ్లు దాన్నే పట్టుకుని "అంచనా కన్నా తక్కువకే వస్తోంది" అని సంబరపడతారు. మేమూ పడ్డాం. ఇళ్ల ధరలను ముందుగా ఊహించడం తాము అనుకున్నదానికన్నా చాలా కష్టంగా ఉందని చెప్పి, 2021 నవంబరులో, లిస్టింగులూ అంచనా విలువలూ చూపించే వెబ్‌సైటు నడిపే జిల్లో కంపెనీయే స్వయంగా ఇళ్లు కొని అమ్మే వ్యాపారాన్ని మూసేసింది. అంత డేటా ఉన్నవాళ్ల పరిస్థితే అది. అమ్ముడైన అసలు ధరలు ఎంఎల్ఎస్ ద్వారా మీకు కనిపిస్తాయి. గత ఆరు నెలల్లో ఆ చుట్టుపక్కల ఏ ఇల్లు ఎంతకు పోయింది, ఏ ఇంటికి ఎందుకు ఎక్కువ పలికింది అన్నది ఒక కాగితం మీద రాసి మా ముందు పెట్టండి. ఆఫర్ ఎంత వేయాలన్నది దాన్ని చూసి మాట్లాడుకుందాం. "ఒక ఇరవై వేలు ఎక్కువ వేద్దామండీ, లేకపోతే పోతుంది" అన్న మాట ఒక్కటే సరిపోదు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. వాడికి ఏజెంటుగా దొరికినావిడ వేరే రకం మనిషి. ఆమె పేరు ఇక్కడ రాయను, అలా రాయడం ఆవిడకు ఇష్టం ఉండదు. మొదటి రోజే వాణ్ణి కూర్చోబెట్టి, వాడికి బాగా నచ్చిన ఒక లిస్టింగు తెరిపించారట. "ఎన్ని ఫొటోలు ఉన్నాయి?" అని అడిగారు. ముప్ఫై ఎనిమిది. "పెరడు ఫొటోలు ఎన్ని?" ఒక్కటి, అదీ కంచె వైపు కాకుండా ఇంటి వైపు తిరిగి తీసింది. మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టి చూస్తే కంచె వెనకాలే హైటెన్షన్ కరెంటు తీగలు. కిచెన్ ఫొటోలు తొమ్మిది ఉన్నాయి అందులో. ఆ రోజు నుంచి మా తమ్ముడు లిస్టింగు తెరిస్తే మొట్టమొదట, అందులో లేని ఫొటో ఏదో వెతికేవాడు.

తర్వాత ఒక ఇల్లు అందరికీ నచ్చింది. తూర్పు ముఖం, కొత్త రంగులు, కొత్త ఫ్లోరింగ్, ధర కూడా అందుబాటులో ఉంది. మార్కెట్లోకి వచ్చి తొమ్మిది రోజులే అయిందని వెబ్‌సైటు చెబుతోంది. ఆమె పాత చరిత్ర తీసి చూస్తే తేలిందేమిటంటే, మూడు నెలల క్రితం అదే ఇల్లు వేరే లిస్టింగుగా వచ్చి, రెండుసార్లు కాంట్రాక్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తీసేసి మళ్లీ పెట్టడంతో రోజుల లెక్క మొదటికొచ్చింది. ఆమె అమ్మేవాళ్ల ఏజెంటుకు ఫోన్ చేసి, ముందు కొనబోయినవాళ్ల ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు ఉన్నాయా, ఫౌండేషన్ గురించి ఏమైనా వచ్చిందా అని సూటిగా అడిగారు. అవతలి మనిషి నసిగారు. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి లాంటిది. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారి కుంచించుకుపోతుంది. ఇంటి పునాది దానితో పాటే కదులుతుంది. అలాంటి చోట గోడలకు తాజా రంగు ఉందంటే కింద ఏముందోనని ఒకసారి ఆలోచించాలని ఆమె చెప్పారు. "నేనైతే ఈ ఇంటికి ఆఫర్ వేయనండీ. మీకు తప్పకుండా కావాలంటే ఆప్షన్ పీరియడ్ పెట్టుకుని, మీ సొంత స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో చూపించాకే ముందుకెళ్దాం" అన్నారు.

ఆ మాట వల్ల ఆవిడకు ఆ నెల కమిషన్ పోయింది. మా తమ్ముడు ఆ ఇల్లు వదిలేశాడు. ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా వాడు నమ్మాడు.

ఆప్షన్ పీరియడ్ అన్నాను కాబట్టి ఒక మాట. టెక్సస్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి, రాసుకున్న కొన్ని రోజుల్లోపల ఏ కారణంతోనైనా కాంట్రాక్టు నుంచి బయటపడే హక్కు కొనేవాళ్లు పెట్టుకోవచ్చు. 2021లో పోటీ ఎక్కువగా ఉందని దాన్ని వదిలేయమని మాకు సలహా ఇచ్చారు. వదిలేస్తే ఏం పోతుందో మాత్రం చెప్పలేదు. పోటీలో గెలవడానికి ఏదైనా వదులుకోవాల్సి రావచ్చు, అది అర్థం చేసుకోగలం. కానీ ఏం వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలి కదా.

లిస్టింగు పక్కన ఉండే "కాంటాక్ట్ ఏజెంట్" బటన్ గురించి కూడా మీలో ఎవరూ కొనేవాళ్లకు చెప్పరు. చాలా వెబ్‌సైట్లలో అది నొక్కితే అమ్మేవాళ్ల ఏజెంటుకు వెళ్లదు. ఆ ఏరియా కోసం వెబ్‌సైటుతో ఒప్పందం పెట్టుకున్న మరెవరికో వెళుతుంది. మా తమ్ముడు ఒక ఆదివారం అలా నొక్కి, సాయంత్రం దాకా ఫోన్లు ఎత్తలేక తిప్పలు పడ్డాడు. ఇంకొన్ని చోట్ల నేరుగా అమ్మేవాళ్ల ఏజెంటుకే వెళుతుంది. అప్పుడు మనవాళ్లు తమ బడ్జెట్టూ తొందరా అన్నీ అవతలి పక్షం మనిషికే చెప్పేస్తారు. మొదటి రోజే ఈ తేడా చెప్పండి.

ఇక కాస్త ఇబ్బందికరమైన విషయం. మీలో చాలామందిని మేము అడిగే మొదటి ప్రశ్న: "ఈ ఏరియాలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారు?" నేనూ అడిగాను. మా ఏజెంట్ ఠక్కున చెప్పారు, ఏ వీధిలో మనవాళ్లున్నారో, ఏ కాలనీలో "వేరేవాళ్లు" ఎక్కువో కూడా. అప్పుడు నాకది మంచి సేవలా అనిపించింది. కానీ జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, స్త్రీ పురుష భేదం, వైకల్యం, పిల్లలున్న కుటుంబమా కాదా అన్నవి చూసి ఇళ్ల విషయంలో వివక్ష చూపడాన్ని ఫెయిర్ హౌసింగ్ చట్టం నిషేధిస్తుంది. వీటిని బట్టి కొనేవాళ్లను ఒక వైపుకు నడిపించడం, ఇంకో వైపు నుంచి తప్పించడం కూడా అందులోకే వస్తుంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారం రోజులకు, 1968 ఏప్రిల్ 11న ఆ చట్టం మీద సంతకం అయింది. రంగు చూసి ఇళ్లు ఇవ్వని కాలం మీద జనం పోరాడి తెచ్చుకున్న చట్టం అది. ఈ దేశంలో నచ్చిన చోట మనం ఇల్లు కొనుక్కోగలుగుతున్నామంటే అందులో ఆ పోరాటానికీ భాగం ఉంది. మేము ఆ ప్రశ్న అడిగితే "అది నేను చెప్పకూడదండీ" అనండి. మాకు కోపం రాదు, వచ్చినా తగ్గుతుంది. సాయంత్రం ఆరింటికి వెళ్లి ఆ వీధుల్లో నడిచి చూడమనండి. చాలు.

స్కూళ్ల గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. లిస్టింగులో చూపించే స్కూలు పేరు, దాని పక్కన పదికి ఇన్ని అని ఉండే మార్కు మా కుటుంబాల నిర్ణయాల్లో సగం. కానీ జనం వేగంగా పెరిగే ఊళ్లలో కొత్త స్కూలు తెరిచినప్పుడల్లా హద్దులు మారతాయి. వెబ్‌సైటులో పాత స్కూలే ఉండిపోవచ్చు. స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో ఆ ఇంటి అడ్రస్ కొట్టి చూపించండి. అనుమానం ఉంటే డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేయమనండి. ఇది తెలియక ఇల్లు కొన్నాక పిల్లల్ని వేరే స్కూల్లో చేర్పించాల్సి వచ్చిన కుటుంబం మాకు తెలుసు.

ఇక మీతో మేము రాసుకునే ఒప్పందం సంగతికి వస్తాను. 2023 అక్టోబరు 31న మిస్సోరీలో కాన్సస్ సిటీ ఫెడరల్ కోర్టులో ఒక జ్యూరీ, కమిషన్లను కృత్రిమంగా ఎక్కువగా ఉంచారంటూ జాతీయ రియల్టర్ల సంఘానికీ కొన్ని పెద్ద కంపెనీలకూ వ్యతిరేకంగా దాదాపు 178 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. 2024 మార్చిలో ఆ సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. అప్పుడు ఒప్పుకున్న మార్పులు 2024 ఆగస్టు 17 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇల్లు చూపించే ముందే కొనేవాళ్లతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. మీ ఫీజు ఎంతో అందులో స్పష్టంగా రాయాలి. రాసుకున్నదానికన్నా ఎక్కువ మీరు ఎవరి దగ్గరా తీసుకోకూడదు. ఫీజును ఏ చట్టమూ నిర్ణయించలేదనీ, బేరమాడుకోవచ్చనీ ఆ కాగితంలోనే ఉండాలి. టెక్సస్‌లో 2026 జనవరి 1 నుంచి రాష్ట్ర చట్టం కూడా ఇల్లు చూపించే ముందు రాతపూర్వక ఒప్పందం ఉండాలంటోంది.

ఇవన్నీ కొనేవాళ్ల మేలు కోసం వచ్చినవి. మరి ఆచరణలో? మా తమ్ముడు మొదట మాట్లాడిన ఒక ఏజెంటు శుక్రవారం రాత్రి పదకొండింటికి ఫోన్‌కి ఒక లింకు పంపి, "జస్ట్ ఫార్మాలిటీ అండీ, సైన్ చేసేయండి, పొద్దున ఇల్లు చూద్దాం" అన్నారు. వాడు చదివితే అది ఆరు నెలల ఒప్పందం, మధ్యలో ఎవరితో ఇల్లు కొన్నా ఈయనకు ఫీజు ఇవ్వాలి. అందులో రాసినది తప్పని నేను అనడం లేదు. మీ కష్టానికి మీకు భరోసా కావాలి. కానీ అది ఫార్మాలిటీ కాదు, కాంట్రాక్టు. అరగంట కూర్చుని చదివి వినిపించండి. ఒకరినొకరు ఇంకా తెలియనప్పుడు ఒక్క ఇంటికో, ఒక్క వారానికో రాసుకోవచ్చని కూడా మీరే చెప్పండి.

మా వైపు తప్పు లేదా అంటే, ఉంది. ఏజెంటును ఎంచుకునేటప్పుడు మేము అడిగేది "క్యాష్‌బ్యాక్ ఎంత ఇస్తారు?" అనే. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో కొనేవాళ్లకు కమిషన్‌లో కొంత తిరిగివ్వడం చట్టబద్ధమే, ఒరెగాన్ లాంటి కొన్ని చోట్ల కాదు. ఒకరు సగం ఇస్తామంటే ఇంకొకరు ముప్పావు ఇస్తామంటారు. మేము ముప్పావు దగ్గరికి పరిగెడతాం. అంత తిరిగిచ్చాక ఆ ఏజెంటు ఒక్కో ఇంటి మీద ఎన్ని గంటలు పెట్టగలరో మేము ఆలోచించం. 2021లో మాకు వచ్చిన క్యాష్‌బ్యాక్ ఆ పన్ను పెంపులో ఏడాదిలోపే కరిగిపోయింది. కాబట్టి మీలో ఎవరైనా "నేను తక్కువే తిరిగిస్తాను, కానీ ఇదిగో ఇన్ని పనులు చేస్తాను" అని ముందే రాసి ఇస్తే, మన వాట్సాప్ గ్రూపుల్లో మీ తరఫున మాట్లాడడానికి నేను సిద్ధం. ఇప్పటికే మాట్లాడుతున్నాను.

కొత్త ఇళ్లు కట్టే బిల్డర్ల దగ్గర ఈ సమస్య ఇంకా ఎక్కువ. అక్కడ మోడల్ హోమ్‌లో నవ్వుతూ పలకరించేవారు బిల్డర్ మనిషి. మొదటిసారి మేము మీతో రాకపోతే చాలామంది బిల్డర్లు మిమ్మల్ని మా ఏజెంటుగా గుర్తించరని మాకు ముందే చెప్పండి. బిల్డర్ మీకు అదనంగా బోనస్ ఇస్తానన్న కాలనీకే మమ్మల్ని తీసుకెళ్తున్నారా అన్న అనుమానం మాకు రాకుండా ఆ విషయం మీరే బయటపెట్టండి. వాళ్లు చెప్పిన లోన్ కంపెనీ దగ్గరే తీసుకుంటే క్లోజింగ్ ఖర్చులు (ఇల్లు మన పేరు మీదికి మారే రోజున లోన్‌కీ కాగితాలకీ అయ్యే ఖర్చులు) ఇస్తామంటారు. వడ్డీ ఎంత ఎక్కువ పడుతోందో బయటి కంపెనీతో పోల్చి చూడమని చెప్పేవాళ్లు మీరు తప్ప అక్కడ ఇంకెవరూ ఉండరు.

మా తమ్ముడికి ఆవిడ వారానికి మూడు ఇళ్లకు మించి పంపలేదు. ప్రతి లింకు కింద తెలుగులో నాలుగైదు ముక్కలు ఉండేవి. ఒకటి నా ముందే ఉంది: "వచ్చే ఏడాది పన్ను లిస్టింగులో ఉన్నదానికన్నా చాలా ఎక్కువ ఉంటుంది, లెక్క కింద ఇచ్చాను. వెనక ఖాళీ స్థలం కమర్షియల్ జోనింగ్, ఏం వస్తుందో సిటీ ఆఫీసులో అడిగాను, సోమవారం చెబుతామన్నారు. వంటగది బాగుంది. సోమవారం దాకా ఆగుదాం." ఇలాంటి మెసేజీలు వాడి దగ్గర నలభై దాకా ఉన్నాయి. ఆమెను అడిగితే, పేరూ అడ్రసులూ తీసేసి ఏజెంట్లు ఎవరికి కావాలన్నా పంపించమన్నారు. మీలో ఎవరైనా అడిగితే అదే రోజు పంపిస్తాను.

ఇట్లు,
టెక్సస్‌లో ఇల్లు కొన్న ఒక తెలుగు కుటుంబం తరఫున